ట్రక్కు హుక్కు

వెల్డింగ్ కోర్సు మొదలైన రోజున నతానియేలు సారు మా అందరినీ వరసగా అడిగారు, ఎందుకు చేరారని. ఒకడు గల్ఫ్ అన్నాడు, ఒకడు షిప్‌యార్డ్ అన్నాడు, ఇంకొకడు మా మామయ్య చేరమన్నాడు సార్ అన్నాడు. పద్నాలుగు మంది మగవాళ్ళ తర్వాత నా వంతు వచ్చింది. "పని నేర్చుకుందామని సార్" అన్నాను. పచ్చి అబద్ధం. నేను చేరింది ఫణి అంతు చూడ్డానికి.

ఆ మాట పైకి అనలేదు కాబట్టి సీటు నిలిచింది. నూజివీడు ఊరి చివర రేకుల షెడ్డుకి కమ్యూనిటీ కాలేజీ అని బోర్డు పెట్టి, ఆర్నెల్ల కోర్సు నడుపుతున్నారు. నాలుగు నెలలు షెడ్డులో నేర్పుతారు. మిగతా రెండు నెలలు బయట ఏదైనా షాపులో పనిచేసి రావాలి. నాకు కావాల్సింది ఆ రెండు నెలలే.

ఫణి అంటే బైపాస్ మీద వెల్డింగ్ షాపు ఫణి. చాట్రాయి నుంచి జి. కొండూరు దాకా ఏ రైతుని అడిగినా చెబుతారు. మామిడి కోతలు మొదలయ్యే ముందు ట్రాక్టర్లు, ట్రక్కులు, ఇనప నిచ్చెనలు అన్నీ అతని షాపు ముందు వరస కడతాయి. నిరుడు మే నెలలో మా ఊరి మామిడి తోట ఆసామి రవిచంద్ర గారి ట్రక్కుకి హుక్కు అతికింది అతనే. ట్రాక్టరు వెనక ట్రక్కుని పట్టి ఉంచేది ఆ హుక్కు ఒక్కటే. అతికిన నాలుగో రోజున, తోట దాటాక ఉన్న ఎత్తు ఎక్కుతుంటే, అది ఊడిపోయింది.

ఆ ట్రాక్టరు తోలుతున్నది మా నాన్న సుబ్బారావు. పద్దెనిమిదేళ్ళుగా రవిచంద్ర గారి డ్రైవరు. ట్రక్కులో రెండు టన్నుల చిన్నరసాలు, ఆ కాయ మీద తెల్లారగట్ల నుంచి కోత కోసిన ఆరుగురు ఆడవాళ్ళు. హుక్కు ఊడగానే ట్రాక్టరు ముందుకి దూకింది, ట్రక్కు వెనక్కి దొర్లి కాలువలో బోర్లాపడింది. ఐదుగురికి చేతులో కాళ్ళో విరిగాయి. లలిత మాత్రం ట్రక్కు కింద పడింది.

లలిత నాకంటే ఆరు నెలలు చిన్నది. మా రెండిళ్ళకీ మధ్య తాటాకు దడి, ఆ దడిలో మేమిద్దరం చిన్నప్పుడు చేసుకున్న కంత. ఇంటర్ ఇద్దరం ఒకేసారి తప్పాం. ట్రక్కు కిందనుంచి దాన్ని బయటికి తీసేసరికి ఇంకా ఒంటినిండా మామిడి సొన వాసన వేస్తోంది.

నాన్న తాగుతాడు. సాయంత్రం, పని అయ్యాక, ఇంట్లో కూచుని. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ పొద్దున తాగలేదన్న సంగతి మాత్రం నాన్నకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. బోర్లాపడిన ట్రక్కుని కోసి ఎత్తడానికి ఫణినే పిలిచారు. అతను వచ్చి, ఊడిన హుక్కుని ముందు తన ఆటోలో వేసుకుని, తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు.

"తాగి క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే హుక్కేం ఆగుద్దండీ, ఏ ఇనుమైనా ఊడాల్సిందే."

రవిచంద్ర గారు తలూపారు. ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. నిర్లక్ష్యంగా నడిపాడని నాన్న మీద కేసు రాశారు. హుక్కు ఏమైందని అడిగితే పాత ఇనుములో పోయిందన్నారు.

లలిత దినం అయిన మర్నాడు దాని తల్లి కామేశ్వరత్త మా గుమ్మంలోకి వచ్చి నాన్న మొహాన ఉమ్మేసింది. నాన్న తుడుచుకోలేదు. అప్పటినుంచి నాన్నని ఎవరూ పనికి పిలవలేదు. తాగుడు ఆ రోజుతోనే మానేశాడు, అయినా ఎవరూ నమ్మలేదు. అదీ నేను ఓర్చుకునేదాన్నేమో. ఒకరోజు అన్నం ముందు కూచుని, "ఏమోనే నాగమణీ, నేనే క్లచ్ గట్టిగా వదిలానేమో" అన్నాడు. ఒళ్ళంతా మంట పెట్టినట్టయింది నాకు. వాళ్ళ అబద్ధాన్ని చివరికి మా నాన్న చేత కూడా నమ్మించారు.

అందుకని నేర్చుకున్నాను. కళ్ళలో ఇసక పోసినట్టు రాత్రంతా నీళ్ళు కారినా నేర్చుకున్నాను. నిప్పురవ్వలు పడి చున్నీలు చిల్లులు పడితే చున్నీ మానేసి మా నాన్న పాత చొక్కా తొడుక్కుని నేర్చుకున్నాను. ఆడపిల్లకి చెయ్యి నిలకడ ఎక్కువని సారు మెచ్చుకున్నారు. నా నిలకడ ఆడపిల్లనవడం వల్ల వచ్చింది కాదు. రాడ్డు కొస ఎర్రగా కరుగుతున్నంతసేపూ నాకు ఫణి మొహమే కనపడేది.

మూడో నెలలో సారు ఒక అతుకు తెచ్చి బల్ల మీద పెట్టారు. రెండు ఇనప పలకల్ని కలిపిన అతుకు. పైన గీత ఎంత ముద్దుగా ఉందంటే, అల్లిన జడలా ఉంది. ఎవరు చేశారు సార్, భలే చేశారు అన్నాం. సారు దాన్ని పట్టుడు బల్లలో బిగించి సమ్మెటతో రెండు దెబ్బలు వేశారు. ఫట్‌మని విరిగింది. లోపల చూస్తే అతుకే లేదు. సందులో రాడ్డు ముక్కలు పుల్లల్లా పేర్చి ఉన్నాయి.

"సందు వెడల్పుగా ఉంటే అడుగునుంచి కరిగించి నింపుకుంటూ రావాలి. గంటన్నర పని" అన్నారు సారు. "అంత ఓపిక లేనివాడు ఇదిగో, ఇలా ముక్కలు దూర్చి పైన ఒక్క పూత పోస్తాడు. పది నిమిషాల్లో అయిపోద్ది. పైకి ఎవరికీ తెలీదు. మీలో ఎవడైనా ఇలా చేశాడని తెలిస్తే నేను వాడి సర్టిఫికెట్ చింపేస్తా. గేటుకి చేసినా సరే."

మిగతావాళ్ళు సరే సార్ అన్నారు. నేను ఆ విరిగిన పలకనే చూస్తూ కూచున్నాను. సీజను మధ్యలో, షాపు ముందు పాతిక ట్రక్కులు ఆగి ఉంటే, ఒక్క హుక్కుకి గంటన్నర ఎవడు పెడతాడు?

ఫిబ్రవరి చివర్లో షాపు ఎంచుకోమన్నారు. ఫణి షాపు అని రాశాను. సారు కాగితం చూసి, "వాడి దగ్గర నువ్వు నేర్చుకునేదేముందమ్మా?" అన్నారు. ఉంది సార్ అన్నాను.

ఫణి నన్ను చూసి పగలబడి నవ్వాడు. నేనెవరినో అతనికి తెలీదు. మా ఊరు అడిగితే అమ్మమ్మ వాళ్ళ ఊరు చెప్పాను. నాన్న పేరు అడగనేలేదు. "ఆడపిల్ల వెల్డింగ్ చేస్తోందంటే చూడ్డానికైనా జనం ఆగుతారు, ఉండు" అన్నాడు. నిజంగానే ఆగారు. బైపాస్ మీద పోయే బండ్లు సగం మా షాపు ముందు నెమ్మదించేవి. నేను మొహం మీద హెల్మెట్ దించుకుని నా పని చేసుకునేదాన్ని. టీ తెచ్చిపెట్టాను. ఊడ్చాను. "ఫణి గారూ" అని నోరారా పిలిచాను. ఆ గారు అన్నప్పుడల్లా నోట్లో చేదుగా ఉండేది.

అతను చెడ్డ పనివాడని అనలేను. తీరిక ఉంటే చక్కగా చేసేవాడు. తీరికే ఉండేది కాదు. మార్చి మూడో వారంలో ఒక గేటు సందులో రాడ్డు ముక్కలు పేరుస్తుంటే నా కళ్ళతో చూశాను.

"అలా పెట్టొచ్చాండీ?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"గేటు ఏమన్నా పరిగెత్తుద్దా?"

"ట్రక్కు హుక్కుకి కూడా పెడతారాండీ?"

అతని చెయ్యి ఆగింది. హెల్మెట్ ఎత్తి నావైపు చూశాడు. "నీ పని చూసుకో" అన్నాడు. నాకు మాత్రం సగం జవాబు దొరికింది. మిగతా సగం అతని నోటితో పదిమందిలో వినాలి. స్టేషన్లో సగం జవాబులు రాసుకోరు.

ఏప్రిల్ రెండో వారంలో రవిచంద్ర గారి ట్రక్కు వచ్చింది. కొత్త హుక్కు వేయించాలట. నేను మొహం మీదికి హెల్మెట్ దించుకుని ఓ మూల తల వంచుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. పద్దెనిమిదేళ్ళు ఆయన బండి తోలినవాడి కూతురి మొహం ఆయన ఎప్పుడైనా చూస్తే కదా గుర్తుండటానికి. కుర్చీ వేయించుకుని ట్రక్కు పక్కనే కూచున్నారు.

"ఫణీ, తొందరేం లేదు. గట్టిగా వెయ్యి" అన్నారు.

ఫణి ఎంత బుద్ధిగా చేశాడో చెప్పలేను. సందు శుభ్రం చేసి, అడుగునుంచి కరిగించి, పెచ్చు రాలగొట్టి, మళ్ళీ పోసి, మళ్ళీ రాలగొట్టి. గంటన్నర కాదు, రెండు గంటలు. మా సారు చూసినా వంక పెట్టలేరు. నేను పక్కన నిలబడి రాడ్లు అందిస్తున్నాను, లోపల కుతకుత ఉడికిపోతున్నాను. వచ్చన్నమాట. ఇద్దరికీ వచ్చు. కూచుని ఆగడం ఆయనకి వచ్చు, నింపడం ఇతనికి వచ్చు. లలిత పోతే గాని వీళ్ళకి రెండు గంటలు దొరకలేదు. ఇక ఈ ట్రక్కు పదేళ్ళు తిరుగుతుంది, హుక్కు ఊడదు, అది చూసి అందరూ ఏమంటారు? చూశారా, సుబ్బారావు తోలినప్పుడే ఊడింది, ఫణి అతుకు బంగారం అంటారు.

"నేను భోంచేసి కాస్త నడుం వాల్చి వస్తా" అన్నాడు ఫణి. "అతుకు మీద గ్రైండర్ పట్టి నునుపు చేసి, ఎర్ర రంగు వేసెయ్. రేపు పొద్దున పూజ."

రవిచంద్ర గారు కారెక్కారు. ఫణి వెనక ఇంట్లోకి పోయాడు. నేను గ్రైండర్ తీసుకున్నాను.

నునుపు చేయలేదు. కోసేశాను. రెండు గంటల పనిని అరగంటలో తవ్వి పోశాను. సందు మళ్ళీ తెరుచుకున్నాక కింద పడున్న రాడ్డు ముక్కలు ఏరి, ఒకదాని పక్కన ఒకటి పేర్చాను, గేటుకి అతను పేర్చినట్టే. పైన ఒక్క పూత పోశాను. ఆర్నెల్లలో నేను వేసిన అన్ని గీతల్లోకి అదే అందమైన గీత. రంగు వేసి, చేతులు కడుక్కుని, తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను. ఆకలి బాగా వేసింది.

నేనేం అనుకున్నానో చెబుతాను. పొద్దున షాపు ముందు చేసే పూజకి ఊళ్ళో కోతకొచ్చే ఆడవాళ్ళందరూ వస్తారు. సీజను మొదటి రోజు ట్రక్కుకి బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, హుక్కు మీద కొబ్బరికాయ కొట్టి, తర్వాత అందులోనే ఎక్కి తోటకి పోవడం మా వాళ్ళ అలవాటు. కొబ్బరికాయ కొట్టగానే నేను సమ్మెట ఎత్తుతాను. అందరి ముందూ విరగ్గొడతాను. ఫణి అతుకు లోపల ఏముంటుందో చూడండి అంటాను. ఎవరూ ఎక్కకముందే అయిపోతుంది. లెక్క అంతవరకే వేసుకున్నాను.

మర్నాడు పూజారి రాలేదు. ఏడున్నరైంది, ఎనిమిదైంది. రవిచంద్ర గారు వాచీ చూసుకుంటున్నారు. ఆయన మేనల్లుడు కార్తీక్ పూజని వీడియో తీసి స్టేటస్ పెట్టడానికి ఫోను పట్టుకుని తిరుగుతున్నాడు. కొత్త డ్రైవరు శ్రీకాంత్ ట్రాక్టరు స్టార్ట్ చేసి కూచున్నాడు. నేను సమ్మెట గోడకి ఆనించి, హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాను.

"ఎండ ముదురుతోంది. పూజ తోట దగ్గరే చేయించుకుందాం, ఎక్కండెక్కండి" అన్నారు రవిచంద్ర గారు.

ఆడవాళ్ళు చీరలు ఎగదోపి ఎక్కడం మొదలుపెట్టారు. మొదట ఎక్కింది కామేశ్వరత్త. కూతుర్ని మింగిన ట్రక్కే అయినా తిండి కోసం ఎక్కాల్సిందే కదా. ఆమె వెనక ఇంకొకరు. ఇంకొకరు.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పలేదు. కామేశ్వరత్త మొహం చూడగానే, నాన్న చెంప మీద ఆ ఉమ్ము జారడం కళ్ళముందు కనపడింది. ఆరోజు గుమ్మం బయట నిలబడి చూసిన వాళ్ళే ఈ ట్రక్కులో సగం మంది. పోనీ, అనిపించింది. పోతే పోనీ. ఎంతసేపు అనిపించిందో తెలీదు. ముగ్గురు ఉన్నవాళ్ళు ఏడుగురయ్యారు. శ్రీకాంత్ గేరు వేశాడు.

నేను పరిగెత్తుకెళ్ళి ట్రాక్టరు ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తాను. "ఆపు!" అని అరిచిన అరుపుకి నా గొంతే పగిలింది. శ్రీకాంత్ బండి ఆపాడు. నేను వెనక్కి పోయి సమ్మెట అందుకున్నాను.

"ఏమేవ్, పిచ్చెక్కిందా?" అంటూ ఫణి వచ్చాడు.

"అందరూ దిగండి! దిగి ఈ హుక్కు చూడండి!"

నా చేతిలో సమ్మెట చూసి భయపడి దిగారు. మొదటి దెబ్బకి రంగు రాలింది. రెండో దెబ్బకి గీత చిట్లింది. మూడో దెబ్బకి హుక్కు పక్కకి వాలిపోయింది, రాడ్డు ముక్కలు గలగలమని సిమెంటు మీద పడ్డాయి. ట్రాక్టరు ఇంజను కొట్టుకుంటూనే ఉంది.

"ఇదీ ఫణి గారి అతుకు" అన్నాను. "ఇనుము కాదు, చెత్త దూర్చి పైన పూత పోస్తాడు."

ఫణి వంగి ముక్కలు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. రవిచంద్ర గారు అతని కాలరు పట్టుకున్నారు.

"ఏరా? నేను కుర్చీ వేసుకుని కూచున్నా కూడా ఇదే పనా?"

"లేదండీ! అమ్మతోడండీ! ఈసారి నేను పెట్టలేదండీ! ఈసారి మొత్తం నింపాను, మీరు చూశారు కదండీ!"

కామేశ్వరత్త అతని ముందుకి వచ్చి నిలబడింది. ఆవిడ గొంతు ఎంత చిన్నగా ఉందంటే, ఇంజను ఆపమని శ్రీకాంత్‌కి ఎవరో సైగ చేశారు.

"ఈసారి పెట్టలేదా నాయనా? మరి మా లలిత ఎక్కినప్పుడు?"

ఫణి చుట్టూ చూశాడు. తప్పించుకోడానికి సందు వెతికినట్టు చూశాడు. చివరికి రవిచంద్ర గారి మీద పడ్డాడు. "నన్నంటారేంటండీ? ఆరోజు ఈయనేగా గంటలో కావాలి, కాయ పండిపోతోంది, ఏదో ఒకటి చేసి పంపరా అన్నది! అలా పెడితే ఆగదని నేను చెప్పలేదా? రెండు ట్రిప్పులు ఆగితే చాలు అన్నది ఈయన కాదా?"

రవిచంద్ర గారు కాలరు వదిలేశారు. కార్తీక్ ఫోను దించడం మర్చిపోయి తీస్తూనే ఉన్నాడు.

అప్పుడు నేను హెల్మెట్ తీశాను. నన్ను చూసి ఆడవాళ్ళు అయ్యో మన నాగమణి అన్నారు. వీళ్ళందరికీ నేనెలా తెలుసో ఫణికి అర్థం కాలేదు. "నువ్వెవరివే?" అన్నాడు.

"సుబ్బారావు కూతుర్ని."

అతనికి అంతా ఒక్కసారిగా తెలిసింది. "ఇదే! ఇదే కోసేసి ముక్కలు దూర్చింది! నేను పడుకున్నప్పుడు ఇదే చేసింది!" అని వేలు చూపించి గొంతు పోయేలా అరిచాడు. ఏడాది తర్వాత అతని నోట్లోంచి వచ్చిన నిఖార్సయిన నిజం అది. ఎవరూ నమ్మలేదు. మా నాన్న తాగలేదన్నప్పుడు ఎలా నమ్మలేదో అలాగే. నాకు ఎంత తృప్తిగా ఉందంటే, ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి ఆ వీడియో చాట్రాయి దాటి చింతలపూడి దాకా పోయింది. షాపు ముందు ఆగిన ట్రక్కులు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. సాయంత్రం స్టేషన్ నుంచి ఫణికీ రవిచంద్ర గారికీ కబురు వచ్చింది. నేను ఇంటికి వచ్చేసరికి కామేశ్వరత్త మా అరుగు మీద కూచుని నాన్న చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. "అన్నయ్యా, ఆ రోజు నా నోరు పడిపోకపోయిందా" అంటోంది. నాన్న ఊరుకోమ్మా ఊరుకో అంటున్నాడు. ఏడాది తర్వాత మా ఇంట్లో దీపం పెట్టినట్టుంది.

ఆవిడ వెళ్ళాక నాన్నకి అంతా చెప్పాను. కోసిన సంగతి, పేర్చిన సంగతి, పోసిన సంగతి. గొప్పగానే చెప్పాను. శభాష్ అంటాడనుకున్నాను. నాన్న విన్నంతసేపూ నేలకేసే చూశాడు.

"జనం ఎక్కారా?" అన్నాడు.

"ఎక్కారు, కానీ కదల్లేదు. నేను ఆపేశాను కదా."

"ఎంతమంది ఎక్కారు?"

"ఏడుగురు."

"మొదటామె ఎక్కినప్పుడే ఎందుకు ఆపలా?"

దానికి నా దగ్గర జవాబుంది. చెప్పలేదు. నాన్న నా మొహంలోకి చూశాడు. డ్రైవరు కళ్ళు అవి, ఎదుటి బండి ఎటు తిరగబోతుందో ముందే తెలిసిపోతుంది. లేచి పోయి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నాతో అన్నం తినలేదు.

మూడో రోజున రవిచంద్ర గారు మా ఇంటికి వచ్చారు. సుబ్బారావన్న తోలితేనే ఎక్కుతామని ఆడవాళ్ళందరూ ఇళ్ళలో కూచున్నారు. చెట్ల మీద కాయ పండి రాలిపోతోంది. ఆయన గుమ్మం బయట నిలబడి, "జరిగిందేదో జరిగింది సుబ్బారావూ, రా" అన్నారు. ఆయన్ని ఇంకాసేపు ఎండలో నిలబెట్టాలనిపించింది నాకు.

"వస్తానండి" అన్నాడు నాన్న. "స్టేషన్లో నేను చెప్పాల్సింది చెబుతాను, అది వేరు. హుక్కు మాత్రం మా అమ్మాయి అతుకుతుంది. కాలేజీలో, వాళ్ళ సారు ముందు."

ట్రక్కుని గొలుసులతో కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. నతానియేలు సారు విరిగిన హుక్కుని చేతిలోకి తీసుకుని, పైన మిగిలిన గీత మీద బొటనవేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా రాశారు. నాలుగు నెలలు నా గీతలు దిద్దిన మనిషి, అది ఎవరి గీతో ఆయనకి తెలీదా? నా వైపు చూశారు. ఆయన కళ్ళలో కోపం ఉన్నా బాగుండేది.

"సర్టిఫికెట్ సంగతి తర్వాత" అన్నారు. "ముందు ఇది నింపు. అడుగునుంచి."

నింపాను. ఫణి పెట్టిన రెండు గంటలకి ఇంకో గంట ఎక్కువే పెట్టాను. నాన్న కుర్చీ వేసుకోలేదు. నిలబడే చూశాడు.

అక్కణ్ణుంచి తిన్నగా తోటకి పోయాం. ఆడవాళ్ళు అప్పటికే కోతకి వచ్చారు, అన్ని చెట్ల కిందా కాయ నిండిన బుట్టలు సిద్ధంగా ఉన్నాయి. నాన్న ట్రక్కు నిండా కాయ పోయించాడు, లలిత పోయిన రోజు పోసినంత. ఆడవాళ్ళు ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరొద్దమ్మా. మీరు నడిచి రండి. ఈ ట్రిప్పు నాగమణి ఒక్కతే ఎక్కుద్ది."

ఎక్కాను. కాయ మీద కూచుని అంచు పట్టుకున్నాను. తోట గేటు దాటాం, కాలువ దాటాం. ఎత్తు మొదలైంది. సగం ఎక్కాక నాన్న బండి ఆపేశాడు. సరిగ్గా నిరుడు హుక్కు ఊడిన చోటే. నా వెనక రోడ్డు ఏటవాలుగా దిగి కాలువలో కలుస్తోంది. కింద దూరంగా నడిచొస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయారు.

నాన్న తల తిప్పలేదు. క్లచ్ తొక్కి, ఇంజను పెంచి, ఒక్కసారిగా వదిలేశాడు. వాళ్ళు ఏడాదిపాటు ఎలా వదిలాడని చెప్పారో అలా. ట్రక్కు ఎగిరిపడింది. నేను కాయల మీద వెల్లకిలా పడ్డాను, అరిచాను, ఏమని అరిచానో తెలీదు. మళ్ళీ ఆపాడు. మళ్ళీ వదిలాడు. మూడుసార్లు. నా అతుకు మీద నాకున్న నమ్మకం మొదటిసారికే పోయింది. హుక్కు ఆగింది.

నాన్న ఇంజను ఆపి, బ్రేకు వేసి, సీటు మీద వెనక్కి తిరిగాడు.

"భయమేసిందా?"

నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. వేసిందని తలూపాను.

"లలితకి కూడా ఇంతే వేసుంటది" అన్నాడు నాన్న. "ఆ ఏడుగురికీ ఇంతే వేసేది."

కిందనుంచి కామేశ్వరత్త, ఏమైందన్నయ్యా అని కేకేసింది. నాన్న ఏం లేదమ్మా రండి, గట్టిగానే ఉంది అని జవాబు చెప్పి, వాళ్ళు వచ్చి ఎక్కేదాకా అక్కడే బండి ఆపి కూచున్నాడు.